అసమ్మతి, వాక్‌స్వాతంత్య్రం: నల్లగొండ, పాలమూరు జిల్లాలు

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమైన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రాజకీయ అసమ్మతి ఎలా నోరు విప్పింది, దానికి ఎవరు చోటిచ్చారు, ఎవరు నొక్కేశారు అన్నది ఈ వ్యాస విషయం. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో, కొడంగల్ ప్రాంతం వికారాబాద్ జిల్లాలో కలిశాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. ఇక్కడ నల్లగొండ, పాలమూరు అన్నప్పుడల్లా ఆ పాత హద్దులే ఉద్దేశం.

గత వందేళ్లలో ఈ నేల మీద సభలకు, పత్రికలకు, పాటలకు, నామినేషన్లకు సంబంధించిన తగాదాలు చాలానే నడిచాయి. వాటన్నిటిలో ఒక తీరు పదేపదే కనిపిస్తుంది. సభకు అనుమతి కోసం కచేరీల చుట్టూ తిరిగినవారు పీఠమెక్కాక ఇతరులకు అనుమతి లేదనడానికి పెద్దగా వెనుకాడలేదు. అందుకే ఈ ప్రాంతపు వాక్‌స్వాతంత్య్ర చరిత్రను వీరగాథగా చెప్పుకోవడం సులువే గాని, సగమే నిజం. ఎదుటివాడిని ఎంతదాకా మాట్లాడనిచ్చారన్నది రెండో సగం.

గడీలు, సంస్థానాలు, గస్తీలు

నిజాం కాలంలో పల్లెల్లో మాట మీద మొదటి అదుపు సర్కారుది కాదు, గడీది. దేశ్‌ముఖ్‌, జాగీర్దారు, పటేలు, పట్వారీల ముందు చెప్పులు విడిచి, తలపాగా దించి నిలబడాలి. ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్త’ అన్నాకే విన్నపం మొదలవ్వాలి. వెట్టి చాకిరీ చేసేవాడికి అభిప్రాయమనేది ఉండొచ్చన్న ఊహే ఆ ఏర్పాటులో లేదు. పాలమూరులో దీనికి తోడు గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు వంటి సంస్థానాలుండేవి. అక్కడి రైతుకు పైన ఒకరు కాదు, ఇద్దరు ప్రభువులు.

ఊరి రచ్చబండను మన తొలి ప్రజాస్వామ్య వేదికగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన చేసేవాళ్లు బండ మీద ఎవరు కూర్చున్నారో, దూరంగా ఎవరు నిలబడ్డారో సాధారణంగా చెప్పరు. మాదిగవాడలోని మనిషి, ఏ కులపు ఆడమనిషి అయినా, అక్కడ తీర్పు వినేవారే తప్ప తర్కించేవారు కారు.

సర్కారు వైపు నుంచి అదుపు 1920లలో బిగిసింది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల వేడి హైదరాబాదుకు తగలడంతో 1921 నుంచి బహిరంగ సభలకు ముందస్తు అనుమతి కావాలన్న ఫర్మానాలు వెలువడ్డాయి. తర్వాత వచ్చిన ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు పేరు ఆనాటి కార్యకర్తలందరికీ కంఠస్థం. ఎవరు అధ్యక్షుడు, ఏ విషయాలు చర్చిస్తారు, రాజకీయం మాట్లాడబోమన్న హామీ ఏదీ అంటూ అధికారులు అడిగేవారు. గ్రంథాలయ వార్షికోత్సవం పెట్టుకున్నా ఈ తంతు తప్పేది కాదు. అనుమతి ఇవ్వకుండా సాగదీయడం నిరాకరించడం కన్నా సులువని అధికారులు అప్పుడే కనిపెట్టారు. ఆ విద్య ఇప్పటికీ మరుగున పడలేదు.

అయితే తెలంగాణలో తెలుగువారి సంఘటిత రాజకీయానికి బీజం వేసింది సర్కారు నిషేధం కాదు, సాటి సభికుల గేలి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముకగా నిలిచారు. సంస్కరణవాదుల సభలోనే ఒక మనిషిని మాట్లాడనివ్వలేదన్న సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. వాక్‌స్వాతంత్య్రానికి అడ్డు ఎప్పుడూ కొత్వాలే కానక్కర్లేదు.

నీలగిరి, గోలకొండ

1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వారపత్రికను తెచ్చారు. పట్టణం పాత పేరే పత్రికకు పెట్టుకున్నారు. అదే ఏడు వరంగల్లు వైపు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వెలువడింది. చేతిలో చిన్న అచ్చుయంత్రం, చుట్టూ చదువురాని జనం, పైన సర్కారు కన్ను: ఈ స్థితిలో తెలుగు పత్రిక రావడమే ఒక రాజకీయ చర్య.

1926 మే 10న హైదరాబాదులో మొదలైన ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. 1896లో గద్వాల ప్రాంతపు ఇటికాలపాడులో పుట్టారు. పత్రిక స్థాపనకు అండగా నిలిచిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి కూడా వనపర్తి సంస్థానం నుంచి వచ్చినవారే. ఆయన అప్పటికి హైదరాబాదు నగర కొత్వాలు. పోలీసు పెద్ద పత్రిక పుట్టుకకు సాయపడడం ఇప్పటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. నిజాం రాజ్యం ఒకే ముద్ద కాదనీ, దాని లోపల కూడా సందులుండేవనీ, తెలివైనవాళ్లు ఆ సందుల్లోంచే నడిచారనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ముడుంబ వెంకటరాఘవాచార్యులు రాసినప్పుడు ప్రతాపరెడ్డి స్పందించిన తీరు రాజకీయ వాదానికి కూడా పనికివచ్చే నమూనా. రాసినాయన మీద తిట్ల దండకం ఎత్తుకోలేదు. ఊరూరికీ జాబులు రాసి, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ఆ వాదం అక్కడితో ముగిసింది. అసత్యమనుకున్న మాటను నిషేధించమని ఎవరినీ అడగలేదు, సాక్ష్యంతో కొట్టేశారు. ఆ సంచికలోని పద్యాలన్నీ గొప్పవని ఎవరూ అనరు. దాని విలువ వేరే చోట ఉంది.

దేవరకొండ నుంచి భువనగిరి దాకా

ఆంధ్ర జన సంఘాలు 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా మారాయి. తొలి అధ్యక్షుడు ప్రతాపరెడ్డే. రెండో మహాసభ 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. అయిదోది 1936లో షాద్‌నగర్‌లో, ఎనిమిదోది 1941లో చిలుకూరులో, పదకొండోది 1944లో భువనగిరిలో జరిగాయి. అంటే 13 మహాసభల్లో నాలుగింటికి ఈ రెండు జిల్లాలే ఆతిథ్యమిచ్చాయి.

మొదట్లో ఈ సభలు వినతిపత్రాల భాషలో మాట్లాడాయి. ప్రాథమిక విద్య, గ్రంథాలయాలు, వర్తకుల ఇబ్బందులు, వెట్టి తగ్గింపు, స్త్రీ విద్య వంటివే తీర్మానాలు. వెంటే మహిళా సభలూ నడిచాయి. రాజకీయం వద్దన్న షరతుకు లోబడుతూనే, బడి గురించి మాట్లాడినా అది రాజకీయమే అవుతుందని వాళ్లు నిరూపించారు. చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక గొంతు మారింది. భువనగిరిలో సంస్థ చీలింది. సభ్యత్వ రుసుము తగ్గించి రైతుకూలీలకు తలుపు తెరవడం, దున్నేవాడి సమస్యలను ముందుకు తేవడం మితవాదులకు నచ్చలేదు. వాళ్లు వేరుపడి 1946లో కందిలో జమలాపురం కేశవరావు అధ్యక్షతన తమ సభ జరుపుకున్నారు. ఒకరినొకరు విప్లవ ద్రోహులనీ, అరాచకవాదులనీ అనుకున్నారే గాని, ఆ ఘట్టంలో తలలు పగల్లేదు. చీలికలు మామూలైన తెలుగు రాజకీయంలో ఇంత మర్యాదగా విడిపోయిన సందర్భాలు అరుదు.

పల్లెల్లో అప్పటికి మహాసభ పేరు ‘సంఘం’. సంఘం చిట్టీ తీసుకున్నవాడు దొర ముందు తలపాగా దించడం మానేశాడు. ఇదే అసలు వాక్‌స్వాతంత్య్ర ఘట్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తీర్మానాల కన్నా ముందు నిలబడే తీరు మారింది. దానికి జవాబుగా 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్‌ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. పాలమూరులో 1947 అక్టోబరు 7న ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పులకు 11 మంది బలయ్యారు.

హైదరాబాదు నగరంలో జరిగిందైనా, షోయబుల్లాఖాన్ హత్యను ఇక్కడ చెప్పకుండా దాటలేం. ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడాయన. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రిపూట ఇంటికి వెళుతుంటే కాల్చి, చెయ్యి నరికారు. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ పత్రికను సర్కారు మూయించాక ఆ యువకుడికి కొత్త పత్రిక పెట్టుకోవడానికి తోడ్పడినవారిలో బూర్గుల ఒకరు. బూర్గుల ఊరు షాద్‌నగర్ దగ్గరే. తన మతంవాడి తప్పును తనవాళ్ల మధ్యే నిలబడి చెప్పడం అన్నిటికన్నా ఖరీదైన అసమ్మతి అని షోయబ్ చావు చెబుతుంది.

1948 తర్వాత

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. సంఘాన్ని నడిపిన కమ్యూనిస్టుల మీద నిర్బంధం మాత్రం ఆగలేదు, సైన్యం పల్లెల్లోకి వచ్చింది. ప్రత్యేక ట్రిబ్యునళ్లు 12 మంది తెలంగాణ రైతాంగ కార్యకర్తలకు ఉరిశిక్ష వేశాయి. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వాళ్ల తరఫున వాదించడానికి ఇండియా వచ్చారు. దేశవిదేశాల్లో నిరసన రేగింది. చివరికి ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. పక్కనే మద్రాసు రాష్ట్రం ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రికను అడ్డుకుంది. దాని మీద రమేశ్ థాపర్ కేసులో 1950లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు భావప్రకటన హక్కుకు పునాదిరాయి. ప్రభుత్వం మరుసటి ఏడే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, 19(2) అధికరణంలో ‘పబ్లిక్ ఆర్డర్’ను చేర్చుకుంది.

1951 అక్టోబరులో కమ్యూనిస్టులు దొరల మీద, సర్కారు మీద నడిపిన సాయుధ పోరాటాన్ని విరమించారు. 1952 ఎన్నికల్లో పార్టీ మీద నిషేధం ఉన్నందున కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పేరుతో నిలబడ్డారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువవి. నిన్నటిదాకా తలకు వెలగట్టిన రాజకీయం పార్లమెంటుకు నడిచి వెళ్లింది. 175 సీట్ల హైదరాబాదు శాసనసభలో ఫ్రంటుకు 42 వచ్చాయి. అదే ఎన్నికల్లో సురవరం ప్రతాపరెడ్డి కాంగ్రెసు తరఫున వనపర్తి నుంచి గెలిచారు. కాల్పులతో తేలని వాదాన్ని ఓటు కొంతవరకైనా తేల్చిన ఘట్టమిది. సైనిక చర్య తర్వాత కూడా పోరాటం కొనసాగించడం పొరపాటన్నది నారాయణరెడ్డి వాదన. ఆయన పార్టీలో అదీ ఒక అసమ్మతి స్వరమే. దాన్ని ఆయన రాతపూర్వకంగా వదిలి వెళ్లారు.

దేవరకొండ మహాసభ అధ్యక్షుడు బూర్గుల అప్పుడు ముఖ్యమంత్రి. 1952 సెప్టెంబరులో స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ నిబంధనల కోసం విద్యార్థులు వీధికెక్కితే, హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర ఆయన ప్రభుత్వ పోలీసులు కాల్పులు జరిపారు. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి సంఘాన్ని వేశారు. బూర్గుల స్వతహాగా సౌమ్యుడు, బహుభాషా పండితుడు. షోయబుల్లాఖాన్‌కు అండగా నిలిచిన మనిషి. అయినా కుర్చీలో కూర్చున్నాక పోలీసు నివేదికే ఆయనకు చెవి అయింది. ఇందులో వ్యక్తి దోషం కన్నా వ్యవస్థ అలవాటే ఎక్కువ.

రెండు తుపాకుల నడుమ

1990ల నుంచి 2005 దాకా నల్లమల అంచుల్లోనూ, భువనగిరి, దేవరకొండ వైపునా ఏదైనా మాట్లాడేవాడు అటు పోలీసుల వైపు, ఇటు నక్సలైట్ల వైపు చూసుకుని మాట్లాడాల్సి వచ్చింది. ఎన్‌కౌంటరును ప్రశ్నిస్తే నక్సలైటన్నారు, దళాన్ని ప్రశ్నిస్తే ఇన్‌ఫార్మరన్నారు.

పౌరహక్కుల సంఘం నాయకుడు, న్యాయవాది, పాలమూరుకు చెందిన టి. పురుషోత్తంను 2000 నవంబరులో హైదరాబాదులో నరికి చంపారు. మూడు నెలలు తిరక్కుండానే, 2001 ఫిబ్రవరి 18న, అదే సంఘం నల్లగొండ జిల్లా కార్యదర్శి ఆజం అలీని నల్లగొండలో చంపారు. వీళ్ల చేతుల్లో ఉన్నవి నిజనిర్ధారణ నివేదికలు. అంతకుముందు, 1997 మార్చిలో భువనగిరిలో జరిగిన ‘దగాపడ్డ తెలంగాణ’ సభ ప్రత్యేక రాష్ట్ర చర్చను మళ్లీ లేవనెత్తింది. ఆ ఊరి మిల్లు కార్మికురాలు, గాయని బెల్లి లలిత ఆ గాలిలోనే పేరు తెచ్చుకుంది. 1999 మేలో ఆమెను చంపి ముక్కలు చేశారు. ఈ హత్యల్లో మాజీ నక్సలైటు నయీం ముఠా పేరు ఏళ్ల తరబడి వినిపించింది. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో అతను చనిపోవడంతో, ఎవరి అండతో ఇదంతా నడిచిందన్న ప్రశ్నకు కోర్టులో జవాబు చెప్పాల్సిన మనిషి లేకుండా పోయాడు.

రెండో వైపు చిట్టా కూడా చిన్నది కాదు. భువనగిరి శాసనసభ్యుడు, మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ చంపింది. దేవరకొండ శాసనసభ్యుడు, లంబాడా నాయకుడు రాగ్యానాయక్‌ను 2001 డిసెంబరులో చంపింది. 2004 అక్టోబరులో ప్రభుత్వం, నక్సలైట్ల మధ్య హైదరాబాదులో చర్చలు జరిగాయి. వాటి వెనుక ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్లపాటు చేసిన శ్రమ ఉంది. చర్చలు కొద్ది నెలలకే చెడ్డాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో స్వాతంత్య్ర దినోత్సవ కార్యక్రమంలో ఉన్న మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుడితో సహా మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 17న, ప్రభుత్వం మావోయిస్టు పార్టీతో పాటు విప్లవ రచయితల సంఘాన్నీ నిషేధించింది. కొద్ది నెలలకే రచయితల సంఘం మీది నిషేధం రద్దయింది. కాల్పులు జరిపినవారికీ కవితలు రాసినవారికీ ఒకే ఉత్తర్వు ఇవ్వడంలో ఎంత తొందరపాటు ఉందో ఆ రద్దే చెబుతుంది.

ఈ రెండు తుపాకుల్నీ ఒకే గొంతుతో ప్రశ్నించవచ్చా అన్న చర్చ పౌరహక్కుల ఉద్యమం లోపలే జరిగింది. విప్లవకారుల హింసను కూడా హక్కుల సంఘం విమర్శించాలన్నది కె. బాలగోపాల్ వాదన. ఆ విభేదంతోనే ఆయనా, సహచరులూ బయటికి వచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. తెలుగు నేల మీద అసమ్మతివాదుల నడుమ జరిగిన అసమ్మతి చర్చల్లో ఇంత లోతైనది మరొకటి కనిపించదు. దాని రాతప్రతులు ఇప్పుడైనా ఆసక్తిగా చదివించుకుంటాయి.

480 పేర్ల బ్యాలెట్

తుపాకీ, లాఠీ లేని ఒక నిరసన నల్లగొండకు జాతీయ ఎన్నికల చట్టంలో చోటు సంపాదించింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో భూగర్భ జలాల ఫ్లోరైడుతో పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుములు పడిపోయిన జనం దశాబ్దాలుగా కృష్ణా నీళ్లు అడిగారు. నాగార్జునసాగర్ అదే జిల్లాలో ఉంది. ధర్నాలు, పాదయాత్రలు అయ్యాక దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడి నామినేషన్లకు పిలుపునిచ్చింది. ఉపసంహరణల గడువు ముగిశాక 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అన్ని గుర్తులు వెదకలేక ఎన్నికను వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ముగ్గురికి తప్ప అందరికీ ధరావత్తు పోయింది. నీళ్ల గోస మాత్రం దేశమంతా విన్నది.

అదే ఎన్నికల్లో తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటక బెల్గాంలో 456 మంది నిలబడ్డారు. మూడు చోట్లా ఉద్దేశం ఒకటే. ఆ ఏడే పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. లోక్‌సభ అభ్యర్థి ధరావత్తు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. గుర్తింపు లేని పార్టీల వారికీ, స్వతంత్రులకూ పదిమంది ప్రతిపాదకులు తప్పనిసరయ్యారు. 2009 సవరణతో ధరావత్తు 25,000 అయింది. కారణాలు అర్థం కానివి కావు. కానీ ఫ్లోరైడు ఊరి మనిషికి దొరికిన ఒక ద్వారం అలా చాలామటుకు మూసుకుంది. అయినా 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా డబ్బు కట్టి పోటీ చేశారు. ఎన్నికల సంఘం ఎక్కువ యంత్రాలు తెప్పించి పోలింగు జరిపింది.

మార్చి 13

శాసనసభ లోపలి అసమ్మతికి ఈ జిల్లాల నుంచే రెండు ఉదాహరణలున్నాయి. 2018 మార్చి 12న గవర్నరు ప్రసంగిస్తుండగా కాంగ్రెసు సభ్యులు నిరసన తెలిపారు. విసిరిన హెడ్‌ఫోను తగిలి మండలి ఛైర్మన్ స్వామిగౌడ్ కంటికి గాయమైందని అధికార పక్షం చెప్పింది. మరునాడు, మార్చి 13న, నల్లగొండ శాసనసభ్యుడు కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డినీ, అలంపూర్ శాసనసభ్యుడు సంపత్‌కుమార్‌నూ సభ నుంచి ఏకంగా బహిష్కరించారు. వారి వాదన వినలేదు. ఏప్రిల్ 17న హైకోర్టు సహజ న్యాయ సూత్రాలు పాటించలేదంటూ బహిష్కరణను కొట్టేసింది. తీర్పు అమలు మీద వివాదం సాగుతుండగానే సెప్టెంబరులో సభ రద్దయింది.

ఏడేళ్ల తర్వాత, 2025లో, అదే మార్చి 13న సూర్యాపేట శాసనసభ్యుడు, భారత రాష్ట్ర సమితి నాయకుడు జగదీశ్‌రెడ్డి స్పీకరును ఉద్దేశించి చేసిన వ్యాఖ్యలకు ఆ సమావేశాలు ముగిసేదాకా సస్పెండయ్యారు. అప్పటికి వెంకట్‌రెడ్డి మంత్రి. వస్తువు విసరడం, మాట విసరడం ఒకటి కావు. బహిష్కరణ, సస్పెన్షన్ కూడా ఒకటి కావు. కానీ 2018లో ఒక పక్షం చెప్పిన వాదాలను 2025లో రెండో పక్షం దాదాపు పొల్లుపోకుండా అందిపుచ్చుకుంది.

ముప్పై యాక్టు, ముందస్తు అరెస్టు

జిల్లా ఎడిషన్లలో నెలనెలా కనిపించే ఒక చిన్న వార్త ఉంటుంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జిల్లావ్యాప్తంగా 30, 30(ఎ) పోలీసు యాక్టు అమలు, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేయరాదు. ఆ చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు రాసుకున్నది. ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించిన సెక్షను కాస్తా నెలసరి నిషేధంలా మారింది. వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గాని మొత్తంగా కాదనకూడదని సుప్రీంకోర్టు 1972లో హిమత్‌లాల్ షా కేసులో చెప్పింది. న్యాయబద్ధమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి 144 సెక్షన్‌ను వాడరాదని 2020లో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి 144 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163 వచ్చింది. నంబరు మారినా ఉత్తర్వుల నమూనా మారలేదు.

‘ముందస్తు అరెస్టు’ ఇక్కడి రాజకీయ కార్యకర్తలకు పండుగ పబ్బాల్లా అలవాటైన సంగతి. ముఖ్యమంత్రో మంత్రో వస్తున్నారంటే తెల్లవారుజామునే విద్యార్థి సంఘాల వాళ్లను, ప్రతిపక్ష నాయకులను ఇళ్ల నుంచి స్టేషనుకు తెచ్చి, పర్యటన అయ్యాక వదిలేస్తారు. నేరం చేయబోతున్నాడన్న సమాచారం ఉంటేనే, అదీ 24 గంటలకు మించకుండా, వాడాల్సిన అధికారమిది. దీని అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ కొడంగల్‌దే. 2018 డిసెంబరు 4న కోస్గిలో నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎన్నికల సభ. దానికి నిరసన పిలుపునిచ్చిన కాంగ్రెసు అభ్యర్థి రేవంత్‌రెడ్డిని పోలీసులు తెల్లవారకముందే ఇంటి నుంచి పట్టుకెళ్లారు. హైకోర్టు ఆ తీరును తప్పుపట్టింది. సాయంత్రానికి వదిలిపెట్టారు.

ప్రజాభిప్రాయ సేకరణ

భారీ ప్రాజెక్టుల మీద ఊరివాళ్లు అధికారికంగా కాదనగల వేదిక ప్రజాభిప్రాయ సేకరణ. పర్యావరణ అనుమతుల కోసం 2006 సెప్టెంబరు నోటిఫికేషను దీనికి స్పష్టమైన నియమాలు పెట్టింది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభంతా వీడియో తీయాలి. వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో రాసి, సభ ముగిసేలోగా జనానికి వినిపించాలి. వద్దని ఎంతమంది చెప్పినా ప్రాజెక్టు ఆగాలన్న నియమం మాత్రం లేదు. ఈ రంధ్రమే గొడవలన్నిటికీ మూలం.

2003 ఆగస్టులో దేవరకొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద ఇలాంటి సభ జరిగింది. సాగర్ జలాశయం పక్కనే తవ్వకమన్నందుకు జనం గట్టిగా వ్యతిరేకించారు. ఆ గనులు తెరుచుకోలేదు. 2019లో అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ మాట రాగానే చెంచుపెంటల నుంచి నగరం దాకా నిరసన పాకింది. సెప్టెంబరు 16న శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. పార్టీల ఎల్లలు దాటి అసమ్మతి ఫలించిన అరుదైన సందర్భమది. గోరటి వెంకన్న వంటి పాలమూరు కవిగాయకుల పాటలు అలవాటు చేసిన చెవులు అప్పుడు పనికొచ్చాయనుకోవచ్చు.

2024 నవంబరు 11 నాటి లగచర్ల ఘటన ఇందుకు పూర్తి భిన్నం. కొడంగల్ నియోజకవర్గం దుద్యాల మండలంలో ఔషధ పరిశ్రమల కోసం వెయ్యి ఎకరాలకు పైగా భూసేకరణ ప్రతిపాదన వచ్చింది. రైతుల్లో చాలామంది గిరిజనులు. అభిప్రాయ సేకరణ సభను ఊరి బయట పెట్టారు, అక్కడికి జనం రాలేదు. కలెక్టరే గ్రామంలోకి వెళ్లారు. అక్కడ అధికారుల మీద దాడి జరిగింది, వాహనాలు దెబ్బతిన్నాయి. రాత్రికి రాత్రి పోలీసులు ఇళ్లలో సోదాలు చేసి పదుల మందిని పట్టుకెళ్లారు. ప్రతిపక్షానికి చెందిన మాజీ శాసనసభ్యుడు పట్నం నరేందర్‌రెడ్డినీ అరెస్టు చేశారు. ఇది కుట్రేనని ప్రభుత్వం, కాదు రైతుల కడుపుమంటని ప్రతిపక్షం అన్నాయి. అధికారి మీద చెయ్యి చేసుకోవడాన్ని భావప్రకటన కింద ఎవరూ సమర్థించలేరు. ఊరంతటినీ నిందితుల జాబితాలా చూడడాన్నీ సమర్థించలేరు. జైల్లో గుండెనొప్పి వచ్చిన ఒక రైతును సంకెళ్లతో ఆస్పత్రికి తెచ్చిన దృశ్యం బయటపడ్డాక ముఖ్యమంత్రే ఆగ్రహం వ్యక్తం చేయాల్సి వచ్చింది. ఆ ముఖ్యమంత్రి, కొడంగల్ శాసనసభ్యుడు, 2018 డిసెంబరులో తెల్లవారుజామున పోలీసు వాహనమెక్కిన రేవంత్‌రెడ్డే.

నవంబరు ఆఖరున ఔషధ పరిశ్రమల భూసేకరణ నోటిఫికేషను రద్దయింది. ఆ వెంటనే అదే ప్రాంతంలో పారిశ్రామిక పార్కు కోసం మరో నోటిఫికేషను వెలువడింది. అరెస్టయినవారికి డిసెంబరులో బెయిలు దొరికింది. సభను మొదటే ఊరి నడుమ పెట్టి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నను మాత్రం అప్పటి చర్చల్లో ఏ పక్షమూ ఎక్కువసేపు పట్టించుకోలేదు.